పూల లోయకు వెళ్లేవారికి



వేసవి సెలవులు ముగిసే రోజుల్లో మా ఔట్ పేషెంటు విభాగంలో ఏటా వినిపించే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, బదరీనాథ్ వైపు వెళ్తున్నాం. దారిలో పూల లోయ కూడా చూసి రమ్మని పిల్లలు టిక్కెట్లు తీశారు. నాకు బి.పి. ఉంది, మా ఇంటావిడకు షుగరు. నడవగలమంటారా?" ఇదివరకు ఇలా అడిగేవారు ఏడాదికి ఒకరో ఇద్దరో ఉండేవారు. ఇప్పుడు రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలనీవాళ్లు కలిసి బస్సు మాట్లాడుకుని మరీ వెళ్తున్నారు. వెళ్లవద్దని మేము అనము. జీవితమంతా ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగినవారు అరవయ్యో ఏట కొండ చూడాలనుకోవడం సంతోషించవలసిన విషయమే. కానీ ఎత్తైన కొండ దారికి కొన్ని లెక్కలున్నాయి. అవి టూరు వారిచ్చే కాగితంలో ఉండవు. ఆ లెక్కలే ఈ సంచికలో వివరిస్తున్నాము.

లోయ సంగతి

హిందీలో ఫూలోం కీ ఘాటీ, ఇంగ్లీషులో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ అని పిలిచే ఈ జాతీయ ఉద్యానవనం ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉంది. వైశాల్యం 87.5 చదరపు కిలోమీటర్లు. పుష్పావతి అనే నది హిమానీనదం నుంచి పుట్టి ఈ లోయ గుండా పారుతుంది. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే ఆంగ్లేయ పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ తన బృందంతో ఈ లోయలోకి దిగాడు. 1937లో మళ్లీ వచ్చి మొక్కలు సేకరించి, 1938లో పుస్తకం రాశాడు. దానితో లోకానికి తెలిసింది. అక్కడి గొర్రెల కాపరులకు మాత్రం అంతకు ముందు ఎన్నో తరాలుగా తెలుసు. 1980ల తొలి సంవత్సరాల్లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి పశువుల మేత ఆపివేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

మన లెక్క ప్రకారం వేసవి అంటే ఏప్రిల్, మే. అక్కడ ఆ నెలల్లో లోయ ఇంకా మంచు కింద ఉంటుంది. జూన్ 1న తెరుస్తారు, అక్టోబరు 31న మూసివేస్తారు. పూలు బాగా చూడాలంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు వెళ్లాలి. అదే వానల కాలం కూడా. పూలూ, వానా, కొండచరియలు విరిగిపడటమూ అన్నీ ఒకేసారి వస్తాయి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ప్రయాణం ఏర్పాటు చేసుకునే పద్ధతి మారుతుంది.

రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాకా సుమారు 270 కిలోమీటర్లు బస్సు, కారు దారి. జోషీమఠ్ (2024 నుంచి అధికారికంగా జ్యోతిర్మఠ్) దాటిన తరువాత గోవింద్‌ఘాట్ వస్తుంది. అక్కడ నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపులు వెళ్తాయి. పుల్నాలో నడక మొదలు. ఘాంగరియా అనే చిన్న ఊరి దాకా పది కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఎక్కాలి. గుర్రాలు, కంచరగాడిదలు దొరుకుతాయి. మనిషిని బుట్టలో కూర్చోబెట్టుకుని వీపున మోసే కండీవాళ్లు కూడా ఉంటారు. ఘాంగరియా దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు పూల లోయకు, కుడివైపు సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ సాహిబ్ సరస్సుకు. మన తెలుగువారు సాధారణంగా రెండూ చూసి వస్తారు.

పూల లోయ దారి మొదట నది మీది వంతెన దగ్గరకు దిగి, తరువాత రాళ్లు పరచిన బాట మీద నిటారుగా ఎక్కుతుంది. కష్టమంతా ఆ ఎక్కుడులోనే. తరువాత లోయ విచ్చుకుంటుంది, దారి చాలావరకు సమంగా సాగుతుంది. గుర్రాలను, కంచరగాడిదలను లోపలికి రానివ్వరు. లోపల రాత్రి ఉండనివ్వరు. మధ్యాహ్నం తరువాత లోపలికి పంపరు, సాయంత్రం చీకటి పడకముందే అందరూ బయటకు రావాలి.

ఎత్తు లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. హార్స్‌లీ హిల్స్ 1,300 మీటర్ల లోపే. అంటే మనం ఎత్తు అనుకునే ప్రతి చోటూ జోషీమఠ్ కంటే కిందే ఉంది. జోషీమఠ్ ఎత్తు సుమారు 1,900 మీటర్లు. ఘాంగరియా సుమారు 3,050. పూల లోయలో మామూలు యాత్రికులు తిరిగే భాగం 3,300 నుంచి 3,600 మధ్య ఉంటుంది. హేమకుండ్ 4,300 మీటర్లకు పైన.

ఈ మధ్య ఒక మాష్టారు మాతో అన్నారు, "తిరుమల అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కాను సిస్టరమ్మా, ఇదొక లెక్కా?" అని. ఆ 3,550 మెట్లు ఎక్కినవారి కాళ్లూ గుండే గట్టివని మేమూ ఒప్పుకుంటాము. కానీ అక్కడ చెమట పడుతుందే గాని గాలి పలచబడదు. 3,000 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండే దానిలో దాదాపు 70 శాతమే. హేమకుండ్ దగ్గర 60 శాతం. పీల్చే ప్రతి ఊపిరిలోనూ ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, కొన్ని రోజులకు రక్తంలో ఎర్ర కణాలు పెంచుకుంటుంది. దానికి సమయం కావాలి. వ్యాయామం చేసే కుర్రవాడికైనా, చేయని పెద్దవారికైనా సమయం కావలసిందే. నిజానికి కుర్రవాళ్లు వేగంగా ఎక్కేసి ముందుగా జబ్బు పడటం కొండ దారుల్లో తరచు చూసేదే.

వైద్యులు చెప్పే పద్ధతి ఏమిటంటే, 3,000 మీటర్లు దాటిన తరువాత పడుకునే చోటు రాత్రికి 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. పగలు ఎక్కి రాత్రికి కిందకు దిగి పడుకోవచ్చు. అందుచేత మేము అడిగినవారందరికీ చెప్పే క్రమం ఇది. మొదటి రాత్రి జోషీమఠ్‌లో ఉండండి, వీలైతే రెండు రాత్రులు. తరువాత ఘాంగరియా చేరి ఆ రోజు ఏమీ పెట్టుకోకండి. మరునాడు పూల లోయకు మెల్లగా వెళ్లి రండి. ఆ రాత్రి కూడా ఘాంగరియాలోనే. ఒళ్లు బాగుంటేనే మూడో రోజు హేమకుండ్, అదే రోజు దిగిరావడం. హేమకుండ్‌లో రాత్రి ఉండే వీలు ఎటూ లేదు.

చాలా టూరు కార్యక్రమాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. ఘాంగరియా చేరిన మరునాడే హేమకుండ్, తరువాత లోయ అని రాసి ఉంటుంది. ఆరు కిలోమీటర్ల దారిలో 1,200 మీటర్లకు పైగా ఎక్కుడు, నిన్ననే పైకి వచ్చిన శరీరంతో! ముందు లోయ, తరువాత హేమకుండ్ అని మార్చమని అడిగితే టూరువారికి పోయేదేమీ లేదు. పట్టుబట్టి అడగండి. ఇంకో సంగతి, చేతిలో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. తిరుగు రైలు తేదీ దగ్గరగా ఉండటం వల్ల జబ్బు పడ్డవారు, కొండ వల్ల జబ్బు పడ్డవారి కంటే ఎక్కువని మా అభిప్రాయం.

ఒక తల్లి

మా నర్సింగ్ సిబ్బందిలో నలుగురం 2023 ఆగస్టులో ఈ దారిన వెళ్లాము. రెండో రోజు ఉదయం మా లాడ్జీలోనే దిగిన ఒక తెలుగు కుటుంబం పరిచయమైంది. తల్లికి అరవై దాటాయి. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. వారు అంతకు ముందు రోజు గుర్రాల మీద హేమకుండ్ వెళ్లి వచ్చారు, అది ఘాంగరియా చేరిన మరునాడే. తిరిగి వచ్చినప్పటి నుంచి ఆమెకు తలనొప్పి, రెండుసార్లు వాంతి. రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లవారాక కాస్త తూలుతున్నారు. "నీరసం మేడం, తిండి లేక. రూములో పడుకుంటుంది, మేము లోయ చూసి సాయంత్రానికి వచ్చేస్తాం" అన్నాడు కొడుకు. ఆమె కూడా అదే మాట. "నా మూలాన పిల్లలు ఆగకూడదమ్మా. ఇంత దూరం వచ్చారు పాపం."

మాలో ఒకరు ఆమెను వరండాలో, మడమకు బొటనవేలు ఆనించి ఒక గీత మీద నడిచినట్టు నడవమని అడిగారు. పిల్లలు ఆటగా నడిచే నడక అది. ఆమె మూడో అడుగుకే పక్కకు ఒరిగిపోయారు, కోడలు పట్టుకుంది. తలనొప్పి, వాంతి ఉన్న మనిషి కొండ మీద తిన్నగా నడవలేకపోతే అది నీరసం కాదు. మెదడులో నీరు చేరి వాపు మొదలవుతున్న గుర్తు. నిద్రపోనిస్తే నిద్రలోనే స్పృహ తప్పవచ్చు.

కొడుకుకు ఇది చెప్పినప్పుడు అతని మొహం చూడలేకపోయాము. "రేపు పొద్దున్నే దింపితే సరిపోదా అమ్మా?" అన్నాడు. సరిపోదన్నాము. అక్కడి వైద్య శిబిరంలో ఆమెకు ఆక్సిజన్ పెట్టి, డాక్టరుగారు డెక్సామెథసోన్ ఇంజెక్షను ఇచ్చి, ఆయనా వెంటనే దింపమనే చెప్పారు. కండీలో కూర్చోబెట్టి దుప్పట్లు చుట్టి పుల్నాకు, అక్కడ నుంచి జీపులో గోవింద్‌ఘాట్‌కు, సాయంత్రానికి జోషీమఠ్ ఆసుపత్రికి చేర్చారు. రాత్రి ఫోను చేస్తే, తలనొప్పి సగం తగ్గిందనీ, టీ అడిగి తాగిందనీ కోడలు చెప్పింది. లోయ వారు చూడలేదు. మనవడు అలిగాడట.

ఈ సంగతి ఎందుకు రాస్తున్నామంటే, మన ఇళ్లలో పెద్దవారు, ముఖ్యంగా ఆడవారు, తమ బాధ చెప్పరు. "నా మూలాన" అనే మాట కొండ మీద చాలా ప్రమాదం. గుంపులో ఒకరిని ముందే నియమించుకోండి. ఉదయం, రాత్రి ప్రతి ఒక్కరినీ అడగాలి. తల నొస్తోందా, అన్నం సహిస్తోందా, నిద్ర పట్టిందా, మూత్రం సరిగా వస్తోందా. "బాగానే ఉన్నాను" అనే జవాబుతో వదలకూడదు, తిన్న కంచం చూడాలి, నాలుగు అడుగులు నడిపించి చూడాలి.

గుర్తించవలసినవి

ఎత్తు ప్రాంతానికి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి మొదలై, దానితో పాటు వికారమో, కళ్లు తిరగడమో, ఒళ్లు తేలిపోయినట్టుండడమో ఉంటే అది ఎత్తు వల్ల వచ్చినదే అని తలచండి. వేరే కారణం తేలేదాకా అలాగే తలచాలి. అప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. అక్కడే ఒక రోజు ఆగితే చాలామందికి తగ్గిపోతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. తగ్గకపోతే, పెరుగుతుంటే, కిందకు దిగాలి. కూర్చుని ఉన్నా ఆయాసం, పొడిదగ్గు, గొంతులో గురగుర, పడుకుంటే ఊపిరాడకపోవడం, పెదవులు నీలం తిరగడం, ఇవి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుర్తులు. తూలడం, పొంతన లేని మాటలు, విపరీతమైన మత్తు మెదడు వాపు గుర్తులు. ఈ రెంటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే వైద్య శిబిరానికి తీసుకుపోయి, దింపే ఏర్పాటు మొదలుపెట్టాలి. ఆక్సిజన్, ఇంజెక్షన్లు దిగేదాకా ప్రాణం కాపాడటానికే. దిగడానికి బదులు కావు.

కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ కొన్న ఆక్సీమీటరు చాలామంది వెంట తీసుకుపోతున్నారు. మంచిదే గాని దాన్ని చూసి భయపడేవారూ, దాన్ని నమ్మి మోసపోయేవారూ ఇద్దరూ ఉన్నారు. ఊళ్లో 98 చూపే మనిషికి ఘాంగరియాలో 90 దరిదాపుల్లో చూపడం మామూలే. వేళ్లు చల్లబడితే ఇంకా తప్పు చూపుతుంది. అంకె బాగున్నా మనిషి తూలుతుంటే మనిషినే నమ్మాలి.

డయామాక్స్ అనే పేరుతో దొరికే అసిటజోలమైడ్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. శరీరం ఎత్తుకు త్వరగా అలవాటు పడటానికి ఇది సాయపడుతుంది. సాధారణంగా పెద్దవారికి 125 మిల్లీగ్రాములు ఉదయం, సాయంత్రం, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. వేలికొసలు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టవద్దు. మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదిది. ఇది వేసుకున్నాం గదా అని ఒక రోజు ముందుగా ఎక్కడమూ పనికిరాదు. నిద్ర మాత్రలు, మద్యం ఆ ఎత్తులో బొత్తిగా వద్దు. ఊపిరిని మందగింపజేస్తాయి.

బయలుదేరే ముందు పరీక్షలు

అందరూ బి.పి., షుగరు, ఇ.సి.జి. అడుగుతారు. మేము ముందుగా అడిగేది హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గాలిలోనే ప్రాణవాయువు తక్కువైన చోట, దాన్ని మోసే ఎర్ర కణాలు కూడా తక్కువైతే ఆ మనిషి గతి ఏమిటి? ఇనుము మాత్రలతో రక్తం పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ప్రయాణానికి వారం ముందు వస్తే మేము చేయగలిగింది చాలా తక్కువ. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చేవారు సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. జబ్బు ఉన్నవారు అంత ఎత్తు వెళ్లకూడదు. లక్షణాలేవీ లేకుండా ఆ గుణం మాత్రమే ఉన్నవారిలో కూడా ఎత్తు మీద ప్లీహం దెబ్బతిన్న సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

బి.పి. ఉన్నవారు మాత్రలు ఆపవద్దు. ఎత్తు మీద మొదటి రోజుల్లో రక్తపోటు పెరగడం సహజం. మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వాడేవారు మాత్రం, నీళ్లు తగ్గిపోయే అవకాశం ఉంది గనుక, మోతాదు గురించి డాక్టరును అడగాలి. షుగరు ఉన్నవారికి కష్టం మరో రకం. రోజంతా నడిస్తే చక్కెర పడిపోతుంది. ఆయాసం, చెమట, తూలడం నడక వల్లనో, ఎత్తు వల్లనో, చక్కెర పడిపోవడం వల్లనో తెలియదు. అందుకే జేబులో గ్లూకోజు పొడి, బెల్లం ముక్కలు, ఖర్జూరాలు ఎప్పుడూ ఉండాలి. సంచిలో కాదు, జేబులో. సంచి గుర్రం మీద ముందు వెళ్లిపోతుంది. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. గ్లూకోమీటరు చలిలో తప్పు చూపవచ్చు, దాన్నీ వెచ్చగా ఉంచాలి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు తప్పకుండా డాక్టరుతో మాట్లాడాలి. తిండి, నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్రల వల్ల వేరే ప్రమాదం ఉంది.

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకుని కొద్ది నెలలే అయినవారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవారు, ఎప్పుడూ ఆయాసంతో ఉండే ఊపిరితిత్తుల రోగులు, గర్భిణులు బదరీనాథ్ వైపు వెళ్లే ముందే డాక్టరును కలవాలి, ఘాంగరియా సంగతి తరువాత. 2022 యాత్రా కాలంలో చార్ ధామ్ దారుల్లో చాలామంది గుండె ఆగి మరణించిన తరువాత ఉత్తరాఖండ్ ప్రభుత్వం యాత్రికులకు ఆరోగ్య సూచనలు జారీ చేసింది. హేమకుండ్ యాత్రకు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారం నింపేటప్పుడు ఉన్న జబ్బు దాచకండి.

వాన, చెప్పులు, కంచరగాడిదలు

మన నూలు బట్ట మనకు ఎంత హాయి అయినా ఆ వానలో శత్రువు. తడిసిన నూలు చీర, నూలు చుడీదారు ఒంటి వేడిని లాగేస్తాయి. లోపల త్వరగా ఆరే బట్ట, పైన ఉన్ని, దాని పైన వాన కోటు వేసుకోవాలి. తలకు, చెవులకు ఉన్ని టోపీ. తడి మేజోళ్లు మార్చుకోవడానికి రెండు జతలు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోండి. గుర్రం మీద, కండీలో కూర్చున్నవారికి నడిచేవారికంటే చలి ఎక్కువ, వారి కండరాలు పనిచేయవు గనుక. మోసేవాడు చెమటలు కక్కుతుంటాడు, బుట్టలో ముసలామె వణుకుతుంటుంది. ఎవరూ గమనించరు. గంటకొకసారి దింపి, నాలుగు అడుగులు నడిపించి, వేడి టీ ఇవ్వండి.

కొత్త బూట్లు కొని నేరుగా కొండకు వేసుకుపోవద్దు. నెల ముందు నుంచి వాటితోనే నడవండి. కాలి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. మోకాళ్లు నొప్పి పుట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చేతికర్ర తప్పనిసరి. కంచరగాడిదలు ఎదురైతే ఎప్పుడూ కొండవైపుకే ఒదిగి నిలబడాలి, లోయవైపు కాదు. బరువు సంచులు తగిలి మనిషి పడిపోతాడు. ఇది ఆ దారిలో ప్రతి టీ కొట్టువాడూ చెప్పే మాట.

నడక సాధన రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఊళ్లో కొండ లేనివారు మూడంతస్తుల మేడ ఎక్కి దిగండి. పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో నడవాలి. మాట ఆగిపోయిందంటే వేగం ఎక్కువైందన్నమాట.

పూల మాట

ఇన్ని జాగ్రత్తలు చదివి, ఇంత కష్టమెందుకు అనుకునేవారికి లోయ గురించి నాలుగు మాటలు. ఇక్కడ 500కు పైగా జాతుల పూలమొక్కలు ఉన్నాయి. మేము వెళ్లినప్పుడు నిలువెత్తు గులాబీ రంగు కాశీతుమ్మ జాతి మొక్కలు కొండవాలంతా కప్పి ఉన్నాయి. మన పెరటి కాశీతుమ్మకు దాయాదులని పూవు చూడగానే తెలిసింది. రాళ్ల సందుల్లో నీలం గసగసాల పూవు, ముళ్లతో, ఎంత నీలమంటే తడి అద్దకంలా ఉంది. హేమకుండ్ దగ్గర బ్రహ్మకమలం. అందంగా ఉందని ఏదీ తుంచకండి, నోట పెట్టకండి. నీలి రంగు టోపీలాంటి పూలున్న వత్సనాభి జాతి మొక్కలు ఆ ఎత్తులో మొలుస్తాయి, అవి గుండె లయ తప్పించే విషం.

మా వృత్తికి దగ్గరైన మొక్క ఒకటి కూడా ఉంది, పోడోఫిల్లమ్. గొడుగు లాంటి ఆకులు, వాన కాలంలో ఎర్రని కాయ. దీని వేరులోని పదార్థం నుంచే ఎటోపోసైడ్ అనే క్యాన్సరు మందు తయారుచేసే పద్ధతి వచ్చింది. వార్డులో ఆ సీసా ఎన్నోసార్లు స్టాండుకు తగిలించినవారికి, మొక్క పుట్టిన నేల చూడటం ఒక అనుభవమే. మందు కోసం తవ్వి తవ్వి హిమాలయాల్లో ఇది అరుదైపోయింది.

లోయలో ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త 1939 జులై 4న మొక్కలు సేకరిస్తూ వాలు మీద జారిపడి మరణించారు. వయసు 54. సోదరి తరువాత వచ్చి రాయి పెట్టించింది. దాని మీద 121వ కీర్తనలోని మాట చెక్కి ఉంది. మేము వెళ్లినప్పుడు రాతి చుట్టూ పూలే. అక్కడ దాకా వెళ్లి వచ్చేవారు తిరుగు నడకకు వేళ మిగుల్చుకోవాలి, మధ్యాహ్నం తరువాత వాన తప్పదు, తడి రాళ్లు జారతాయి.

రోప్‌వే వస్తే

2025 మార్చి 5న కేంద్ర మంత్రివర్గం గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్ దాకా 12.4 కిలోమీటర్ల రోప్‌వేకు అనుమతి ఇచ్చింది. అంచనా 2,730 కోట్ల రూపాయలు. మోకాళ్ల నొప్పుల వారు, నడవలేని వారు చాలా సంతోషించారు. ఆ సంతోషం మాకు అర్థమవుతుంది. అయితే నర్సులుగా ఒక మాట చెప్పకుండా ఉండలేము. నడిచి వెళ్లే మనిషికి కాళ్లు నొప్పి పుట్టి ఆగుతాడు, ఆగినచోట శరీరానికి కొంత గడువు దొరుకుతుంది. రోప్‌వే 1,800 మీటర్ల చోటు నుంచి 4,300 మీటర్ల చోటుకు ఎత్తుకుపోతుంది. కాళ్లకు కష్టం ఉండదు, ఊపిరితిత్తులకు గడువూ ఉండదు. పైగా నడవలేనందువల్ల ఇన్నాళ్లూ వెళ్లకుండా ఉన్న బలహీనులే ముందుగా ఎక్కుతారు. పైన ఎక్కువసేపు ఉండకుండా త్వరగా దిగివచ్చేవారికి ప్రమాదం తక్కువే. కానీ గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారికి మొదటి గంటలోనే ఇబ్బంది రావచ్చు. ఇప్పుడు హెలికాప్టరులో ఘాంగరియాకు నిమిషాల్లో చేరేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. దిగిన రోజూ మరునాడూ ఊరికే కూర్చోవాలి. డబ్బు పెట్టి త్వరగా వచ్చి ఊరికే కూర్చోవడం మనవాళ్లకు నచ్చదు, మాకు తెలుసు.

ఈ సంవత్సరం వెళ్లదలచినవారు పరీక్షలకు కనీసం రెండు నెలల ముందు రండి. వాడుతున్న మాత్రలన్నీ, ఆకుపసర్లు, చూర్ణాలు సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి, పేర్లు చెప్పడం కష్టమైతే స్ట్రిప్పులే చూపించవచ్చు. టూరు కాగితం కూడా తెండి. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో చూసి, అవసరమైతే పెన్సిలుతో తేదీలు మార్చి ఇస్తాము. తిరిగి వచ్చిన తరువాత దగ్గు, ఆయాసం రెండు రోజులకు మించి ఉన్నా, షుగరు ఉన్నవారికి కాలిమీద చిన్న బొబ్బ కనిపించినా, వాయిదా వేయకుండా డ్రెస్సింగ్ గదికి రండి.